ఆ రికార్డు ఎవరిది?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మావారికి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా అబ్బాయికి 16 నిండాయి, ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. అమ్మాయికి 13. అమ్మాయికి ఏదీ చెప్పనక్కరలేదు. అబ్బాయికి మాత్రం బాధ్యత లేదు, చెప్పిన మాట వినడు. పొద్దున నాలుగుసార్లు పిలిస్తే గాని లేవడు, తిన్న కంచం తీయడు. ఒకరోజు ఫిజిక్స్ రికార్డు ఇంట్లో మరిచిపోయాడు. అదే ఆఖరి రోజని ఆటోలో తీసుకెళ్లి కాలేజీ గేటు దగ్గర ఇస్తే, "రాత్రే గుర్తు చేసి ఉండొచ్చుగా" అని నా మీదే విసుక్కున్నాడు. పోయిన నెల వాళ్ల నాన్న స్కూటర్ అడగకుండా తీసుకుని, వెనక స్నేహితుణ్ణి ఎక్కించుకుని, అరండల్‌పేటలో ఒక పెద్దావిడ పునుగుల బండిని గుద్దాడు. ఎవరికీ దెబ్బలు తగలలేదు గానీ పిండి గిన్నె రోడ్డు మీద పడిపోయింది. ఆగకుండా వచ్చేశారు. మావారు మర్నాడు గుమస్తా చేత 2,000 రూపాయలు పంపి సర్దుబాటు చేశారు. వాణ్ణి అడిగితే "నేను కావాలని చేశానా? వాడు వెళ్దామన్నాడు, వెళ్లాను" అంటాడు. మంచి ర్యాంకు తెస్తే బైక్ కొనిస్తానని మావారు ఆశ పెడుతున్నారు. మొక్కై వంగనిది మానై వంగునా అని మా అత్తగారు అంటున్నారు. వాడికి బాధ్యత ఎలా తెలుస్తుంది? ఇప్పటికే ఆలస్యమైపోయిందా?
— ఒక తల్లి, గుంటూరు

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. స్కూటర్ సంగతి పెద్దదే, దాని దగ్గరికి వస్తాను. కానీ నన్ను పట్టి నిలిపింది కాలేజీ గేటు దగ్గర మీ అబ్బాయి అన్న మాట. ఎండలో ఆటో దిగి రికార్డు చేతికిచ్చిన తల్లితో "రాత్రే గుర్తు చేసి ఉండొచ్చుగా" అంటే మనసుకు ముల్లులా గుచ్చుకుంటుంది, మీరు బాధపడడంలో తప్పేమీ లేదు. అయినా ఆ మాటను కోపం తగ్గాక మళ్లీ ఒకసారి గుర్తు తెచ్చుకుని చూడండి. ఆ అబ్బాయి తనకు తెలిసిన నిజమే చెప్పాడు. రికార్డు రాయడం, అందులో బొమ్మలు వేయడం అతని వంతు. అది ఏ రోజు ఇవ్వాలో జ్ఞాపకం ఉంచుకోవడం, సంచిలో పెట్టాడో లేదో చూడడం, పెట్టకపోతే వెంటపడి అందించడం చిన్నప్పటి నుంచీ మీ వంతు. పంపకాలు అలా జరిగిపోయిన ఇంట్లో, మరుపు వచ్చినప్పుడు ఆ లోపం ఎవరిదని పిల్లవాడు అనుకుంటాడు? అమ్మదే అనుకుంటాడు. అతని బాధ్యత ఎక్కడికీ పోలేదు, ఇన్నేళ్లుగా మీ దగ్గర దాచిపెట్టి ఉంది.

పనికీ బాధ్యతకూ ఉన్న తేడా మీ ఇంటికి కొత్తది కాదు, మీవారు యార్డులో రోజూ చూసేదే. ముఠా కార్మికులు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దించి వరుసగా పేరుస్తారు. అది పని, దించగానే అయిపోతుంది. ఆ సరుకు అమ్ముడుపోయి రైతు చేతికి డబ్బు అందేవరకూ కమీషన్ వ్యాపారి మీద ఉండేది పూచీ. అర్ధరాత్రి ఉరిమితే నిద్రలోంచి లేచి, సరుకు మీద పట్టాలు కప్పారో లేదో ఫోన్ చేసి కనుక్కునే మనిషికి ఎవరూ గుర్తు చేయనక్కరలేదు, ఎందుకంటే తడిస్తే జవాబు చెప్పవలసింది తనేనని ఆయనకు తెలుసు. బాధ్యత అనే పదం కంటే ఈ పూచీ అనే మాటే నాకు ఎక్కువ ఇష్టం. గుర్తుంచుకోవడం, చేయడం, తేడా వస్తే భరించడం అన్నీ అందులో కలిసే ఉన్నాయి. కంచం తీయమంటే తీసిన పిల్లవాడు పని చేశాడు. రాత్రి భోజనాలయ్యాక వంటింటి గట్టు శుభ్రంగా ఉండడం తన పూచీ అనుకున్న పిల్లవాడికి ఆ మాట చెప్పే మనిషే అక్కరలేదు. మనం ఇళ్లలో పిల్లలకు పనులు చెబుతాం, పూచీ మాత్రం మన దగ్గరే ఉంచుకుంటాం, ఆపైన వాళ్లకు బాధ్యత లేదని వాపోతాం.

"బాధ్యత లేదు, చెప్పిన మాట వినడు" అని మీరు ఒకే ఊపిరిలో రాశారు. చాలామంది తల్లిదండ్రులు ఈ రెంటినీ ఒకటిగానే చూస్తారు, పిల్లలూ అలాగే అర్థం చేసుకుంటారు. నేను విజయవాడలో చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పాను. బాధ్యత అంటే ఏమిటని కొత్తగా చేరిన పిల్లలను అడిగితే, పెద్దలు చెప్పినట్టు చేయడం, బాగా చదవడం, అమ్మానాన్నల పేరు నిలబెట్టడం అన్న జవాబులే ఎక్కువగా వచ్చేవి. తాను చేసిన దానికి తాను జవాబు చెప్పుకోవడం అన్న పిల్లలు ఎప్పుడో గాని తగిలేవారు కాదు. చెప్పినట్టు వినడం మాత్రమే వచ్చిన పిల్లవాడితో ఒక చిక్కు ఉంది: చెప్పే మనిషి మారితే అతను వినే మాట కూడా మారిపోతుంది. స్కూటర్ తీద్దామని స్నేహితుడు చెప్పాడు, మీ అబ్బాయి విన్నాడు. "వాడు వెళ్దామన్నాడు, వెళ్లాను" అన్న జవాబులో నాకు మొండితనం కనిపించలేదు, విధేయతే కనిపించింది. అందుకే ఇంకా గట్టిగా అరిచి, ఇంకా భయపెట్టి మాట వినిపించుకున్నా మీరు కోరుకుంటున్నది చేతికి రాదు.

ఇది మీ ఒక్కరి ఇంటి సంగతి కాదు. గుంటూరులోనైనా విజయవాడలోనైనా ఇంటర్ చదివే పిల్లలున్న ఇంటికి వెళ్తే వినిపించే మాట ఒకటుంది: "నువ్వు చదువుకో నాన్నా, చాలు, మిగతావన్నీ మేం చూసుకుంటాం." ప్రేమతో అనే మాటే, దాని వెనక జేఈఈ, ఈఏపీసెట్ల భయం కూడా ఉంది. కాలేజీలోనూ ఏ గంటకు ఏ పాఠం, ఏ గంటకు స్టడీ అవర్, ఏ ఆదివారం ఏ పరీక్ష అన్నీ ఇంకెవరో నిర్ణయించినవే. పొద్దున లేచింది మొదలు పడుకునే వరకూ పిల్లవాడు తనంతట తాను తేల్చుకోవలసింది వెతికినా ఒకటి దొరకదు. ఇలా రెండేళ్లు గడిపించి, 18 నిండగానే చెన్నైకో హైదరాబాద్‌కో పంపి, ఒక్క రాత్రిలో పెద్దవాడివి కమ్మంటాం.

నా ఇంట్లోనూ ఇదే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. మా అబ్బాయి ఫారాలన్నీ నేనే నింపేదాన్ని. సంతకం పెట్టవలసిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి ముందుంచితే వాడు సంతకం చేసి లేచిపోయేవాడు. వేరే ఊళ్లో ఇంజినీరింగ్‌లో చేరాక, రెండో సెమిస్టర్ పరీక్ష ఫీజు గడువు దాటిపోయింది, జరిమానాతో కట్టే గడువు కూడా దాటిపోయింది. మాకు పది రోజుల తర్వాత గాని తెలియలేదు. "నువ్వు చెబుతావనుకున్నానమ్మా" అని వాడు ఫోన్‌లో ఏడ్చాడు. ఆ పరీక్షలు ఆ తర్వాతి ఏడు రాసుకున్నాడు. నోటీసు బోర్డు ముందు నుంచి రోజూ నడిచి వెళ్లిన పిల్లవాడికి దాన్ని చదవవలసింది తానేనని తట్టలేదు. తట్టేటట్టు నేను పెంచలేదు.

ఇక "నేను కావాలని చేశానా?" అన్న ప్రశ్న. ఇది తప్పించుకునే మాటలా వినిపిస్తుంది గానీ దీన్ని కొంచెం ఓపికగా చూడాలి. బీఎడ్ చదివినవారందరికీ తెలిసిన స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే, 1932లో ప్రచురించిన పరిశీలనల కోసం, పిల్లలకు రెండు చిన్న కథలు చెప్పి అభిప్రాయం అడిగాడు. ఒక పిల్లవాడు భోజనానికి రమ్మంటే వచ్చి తలుపు తోశాడు, తలుపు వెనక ఉన్నాయని అతనికి తెలియని 15 కప్పులు పగిలాయి. ఇంకో పిల్లవాడు అమ్మ ఇంట్లో లేని సమయంలో అలమరలోని జామ్ తీసుకోబోయి ఒక కప్పు పగలగొట్టాడు. ఎవరిది పెద్ద తప్పు? చిన్న పిల్లల్లో చాలామంది 15 పగలగొట్టినవాడిదన్నారు, కాస్త పెద్ద పిల్లలు జామ్ కోసం వెళ్లినవాడిదన్నారు. నష్టాన్ని లెక్కపెట్టే మెట్టు నుంచి ఉద్దేశాన్ని చూసే మెట్టుకు పిల్లలు ఎక్కుతారన్నమాట. మీ అబ్బాయి ఆ రెండో మెట్టు మీద ఉన్నాడు: ఉద్దేశం చెడ్డది కాదు, కాబట్టి తప్పు నాది కాదు. దాని పైన ఇంకొక మెట్టు ఉందని నా అనుభవం. కావాలని చేయకపోయినా, పగిలిన ముక్కలు ఏరవలసింది నేనే అనుకోవడం ఆ మెట్టు. వయసు పెరిగినంత మాత్రాన ఎవరూ దాని మీదకు ఎక్కరు, ముక్కలు ఏరే అవకాశం ఎవరో ఒకరు ఇవ్వాలి. మీ ఇంట్లో ఆ ముక్కలు గుమస్తా ఏరాడు.

ఆ సాయంత్రం ఏం జరిగిందో మీ అబ్బాయికి నిజంగా తెలియదమ్మా. పునుగుల పిండి అప్పటికప్పుడు కలిపేది కాదు. పప్పూ బియ్యం ముందురోజే నానబోసి, రుబ్బి, రాత్రంతా పులవనిచ్చి, మర్నాడు ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి బండి మీదకు తెస్తారు. సాయంత్రం ఆ గిన్నె కింద పడితే ఇంకో గిన్నె పిండి ఎక్కడినుంచీ రాదు, ఆ రోజుకు బేరం ముగిసినట్టే. స్కూటర్ ఒక అడుగు ఇవతలగా తగిలి ఉంటే ఒరిగేది కాగుతున్న నూనె మూకుడు. ఈ రెండు సంగతులూ అతనికి ఆ పెద్దావిడ నోటి నుంచి తెలియాలి. మీరు చెబితే అవి తిట్లలో కలిసిపోతాయి. మీవారు డబ్బు పంపడం ఆవిడ పట్ల న్యాయమే, అబ్బాయికి మాత్రం దానివల్ల ఆవిడ ముఖం చూడవలసిన అవసరం లేకుండా పోయింది. తాను చేసిన పని ఇంకొక మనిషి మీద ఎక్కడ పడిందో కళ్లారా చూడని పిల్లవాడికి "నీది తప్పు" అని వందసార్లు చెప్పినా అది ఇంట్లో జరిగిన గొడవగానే మిగిలిపోతుంది.

నెల గడిచినా ఇది చేయవచ్చు. కోపం లేని ఒక పూట తండ్రి అబ్బాయిని కూర్చోబెట్టుకుని, "డబ్బు నేను పంపాను, అది నీ మీద అప్పు. ఆవిడను కలవడం ఇంకా మిగిలే ఉంది, అది నువ్వే చేయాలి" అని చెబితే చాలు, ఉపన్యాసం వద్దు. వెళ్లేటప్పుడు తండ్రి తోడు వెళ్లవచ్చు గానీ రోడ్డుకు అవతలి పక్కన నిలబడాలి. మాట అబ్బాయిదే కావాలి: ఆ రోజు గుద్దింది నేనే, ఆగకుండా వెళ్లిపోయాను, నాన్న పంపిన డబ్బుతో మీ నష్టం తీరిందా, ఇంకా ఏమైనా ఉందా అని అడగాలి. క్షమించమన్న తర్వాత "కానీ" అనే మాట రాకూడదు. ఆవిడ నాలుగు మాటలు అంటే నిలబడి వినాలి. ఆ 2,000 రూపాయలు తన పాకెట్ మనీలోంచి నెలకు 200 చొప్పున తండ్రికి తీర్చాలి, మూడో నెలకే జాలిపడి మాఫీ చేయకండి. నోటితో చెప్పలేనంటే ఉత్తరం రాసుకుని వెళ్లి ఇవ్వమనండి. గాంధీజీ 15 ఏళ్ల వయసులో అన్నగారి బంగారు కడియంలోంచి ముక్క తీసి, ఆ తర్వాత తండ్రికి ఎదురుపడి చెప్పే ధైర్యం లేక కాగితం మీద రాసి, తగిన శిక్ష వేయమని అడిగి చేతికిచ్చారు. జబ్బుపడి ఉన్న తండ్రి చదివి, కన్నీరు కార్చి, కాగితం చింపేశారు. ఈ సంగతిని మనం పిల్లలకు నీతికథగా చెబుతూ ఉంటాం, నాకు మాత్రం ఇందులో ఆ తండ్రి కనిపిస్తారు: ఒప్పుకునే తీరును కొడుకుకే వదిలారు, ఒప్పుకున్నాక దాని మీద ప్రసంగం చేయలేదు.

ఇదంతా చదివి పిల్లలకు అన్నీ వదిలేయమంటున్నానని అనుకోకండి. ఏది వదలాలో, ఏది వదలకూడదో తేల్చుకోవడానికి మెదడు గురించి ఈ ఇరవై, పాతికేళ్లలో తెలిసిన విషయాలు బాగా పనికొస్తాయి. ముందువెనకలు ఆలోచించి తొందరను అదుపు చేసే, నుదుటి వెనకనుండే మెదడు భాగం ఇరవైల మధ్య వరకూ ఎదుగుతూనే ఉంటుంది; ఉత్సాహానికీ మెప్పుకూ స్పందించే భాగాలు మాత్రం యవ్వనం మొదలవగానే జోరందుకుంటాయి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ స్టైన్‌బర్గ్, ఆయన తోటి పరిశోధకులు చూపించినది ఏమిటంటే, నిదానంగా కూర్చుని ఆలోచించవలసిన విషయాల్లో 16 ఏళ్ల పిల్లలు దాదాపు పెద్దవాళ్లతో సమానంగానే ఉంటారు గానీ, ఉద్వేగం, తొందర, పక్కన స్నేహితులు కలిసినప్పుడు అదే పిల్లలు వెనకబడతారు. 2005లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, కంప్యూటర్ మీద కారు నడిపే ఆటను ఒంటరిగా ఆడినప్పటి కంటే స్నేహితులు చూస్తుండగా ఆడినప్పుడు 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు బాగా ఎక్కువగా తెగించారు. 24 దాటినవారిలో ఆ తేడా అంతగా లేదు.

దీన్ని మీ ఇంటికి అన్వయించి చూడండి. రికార్డు, ఫీజు తేదీ, చేతి ఖర్చు, నిద్ర లేవడం నిదానపు విషయాలు, మీ అబ్బాయి వీటిని ఈ రోజే మోయగలడు. బండి తాళం, రాత్రిపూట బయటికి వెళ్లడం, కాలువలో ఈతకు దిగడం స్నేహితుల నడుమ క్షణంలో తేలిపోయేవి, వీటిలో మాట పెద్దలదే, బేరం లేదు. మన ఇళ్లలో ఇది సరిగ్గా తలకిందులుగా ఉంది: రికార్డు అమ్మ మోస్తుంది, స్కూటర్ తాళం గోడ మేకుకు అందరికీ అందేటట్టు వేలాడుతూ ఉంటుంది.

ఆ తాళం విషయంలో చట్టం కూడా మీవారి వైపే వేలు చూపిస్తుంది. లైసెన్సు ఉంటే 16 దాటినవారు 50 సీసీ లోపు బండి నడపవచ్చు గానీ అంతకు మించిన దేనికైనా 18 నిండాలి, ఇప్పుడు రోడ్ల మీద కనిపించే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ దాటినవే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో చేరిన 199ఏ సెక్షన్ ప్రకారం, మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులను లేదా బండి యజమానిని దోషిగా ఎంచుతారు. మూడేళ్ల వరకూ జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దవుతుంది, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండే వరకూ లైసెన్సు అర్హత ఉండదు. తనకు తెలియకుండా జరిగిందనో, జరగకుండా తగిన జాగ్రత్త తీసుకున్నాననో నిరూపించుకోవలసిన భారం కూడా ఆ పెద్దమనిషి మీదే ఉంటుంది. గోడ మేకును జాగ్రత్త అనలేం. ర్యాంకు వస్తే బైక్ అన్న మాటను మీవారు వెనక్కి తీసుకోవాలి. లెక్కలు బాగా చేసిన పిల్లవాడు రోడ్డు మీద నిగ్రహంగా ఉంటాడన్న హామీ ఏదీ లేదు.

"అమ్మాయికి ఏదీ చెప్పనక్కరలేదు" అని ఒక్క వాక్యంతో దాటేశారు, నేను దాటలేకపోతున్నాను. అది ఆ పిల్లకు పుట్టుకతో వచ్చిన గుణం అని నేననుకోను. మన ఇళ్లలో ఆరేడేళ్ల వయసు నుంచే ఆడపిల్ల చేత మంచినీళ్లు పెట్టిస్తారు, అన్న కంచం తీయిస్తారు, మరిచిపోతే రేపు ఇంకో ఇంటికి వెళ్లవలసినదానివని గుర్తు చేస్తారు. మీ ఇంట్లోనూ అలాగే జరిగి ఉంటే, పిల్లలకు పూచీ అప్పగించడం మీకు బాగా తెలుసన్నమాట, ఒకరికి అప్పగించి ఇంకొకరికి అప్పగించలేదంతే. దీనివల్ల ఇద్దరికీ నష్టం జరుగుతోంది. తన చదువుకు దక్కవలసిన సమయం ఆమె పోగొట్టుకుంటోంది, తన వెనక సర్దేవాళ్లు ఎప్పుడూ ఒకరుంటారని అతను నేర్చుకుంటున్నాడు. అన్న కంచం చెల్లెలు ముట్టుకోకూడదని మీ అత్తగారి ఎదుటే చెప్పండి.

మొక్కై వంగనిది అన్న సామెతకు కూడా జవాబు చెప్పాలి కదా. పదహారో ఏడు వచ్చిన కొడుకును మిత్రుడిలా చూడమన్నదీ పెద్దల మాటే, మీ అత్తగారికి అదీ తెలిసే ఉంటుంది. పైగా సామెత చెబుతున్నది వంచడం గురించి, మీ అబ్బాయికి కావలసింది మోయడానికి ఒక బరువు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయినప్పుడు, మా వీధి కుర్రాళ్లను నేను కొత్తగా చూశాను. ఇంట్లో పాలప్యాకెట్ తెమ్మంటే పది నిమిషాలు కదలని పిల్లలు, నడుము లోతు నీళ్లలో పాలు, మంచినీళ్ల సీసాలు నెత్తిన పెట్టుకుని తిరిగారు. పదిహేడేళ్ల కుర్రవాడొకడు ఏ భవనంలో ఏ అంతస్తులో పసిబిడ్డ ఉంది, ఎవరికి షుగర్ మందు కావాలి అన్నది చిన్న నోట్‌బుక్‌లో రాసుకుని, దాన్ని పాలిథిన్ కవరులో చుట్టి చొక్కాలో పెట్టుకున్నాడు. అతణ్ణి ఎవరూ నిద్ర లేపలేదు. తాను వెళ్లకపోతే పై అంతస్తులో ఒక మనిషి కిటికీ దగ్గర నిలబడి ఎదురుచూస్తూ ఉంటుందని అతనికి తెలుసు. మన ఇళ్లలో పదహారేళ్ల పిల్లల కోసం అలా ఎదురుచూసే పని ఒక్కటీ ఉండదు, వాళ్లు లేకపోయినా ఇల్లు సాఫీగా నడిచిపోతుంది. అలాంటి పని ఒకటి అతనికి ఇవ్వండి. మీ అత్తగారు నెలనెలా వాడే మాత్రలు ఏవైనా ఉంటే అవి అయిపోకముందే తెచ్చి ఉంచడం అతని పూచీ చేయండి. జాగ్రత్త కోసం ఒక స్ట్రిప్పు మీ దగ్గర విడిగా దాచుకోండి, ఆ సంగతి అతనికి చెప్పకండి.

మొదలుపెట్టేటప్పుడు గొడవ జరిగిన సాయంత్రం కాకుండా, ఏ ఆదివారం మధ్యాహ్నమో భోజనాలయ్యాక కూర్చోండి. "ఇన్నాళ్లూ నీ తేదీలన్నీ నేను గుర్తుపెట్టుకున్నాను, అది నా పొరపాటు, ఇకనుంచి అవి నీవి" అని మీ వైపు నుంచి ఒప్పుకోండి. ఆ ఒప్పుకోలు అతను మీ నుంచి వినడం చాలా ముఖ్యం. అన్నీ ఒక్కసారి కాకుండా రెండే అప్పగించండి, ఏ రెండో అతన్నే ఎంచుకోమనండి. గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటాడో, ఫోన్‌లో పెట్టుకుంటాడో, అరచేతిలో రాసుకుంటాడో అతని ఇష్టం. పద్ధతి కూడా మీదే అయితే పూచీ మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. నిద్ర విషయంలో కొంచెం దయ చూపండి. ఈ వయసులో నిద్ర వచ్చే వేళ సహజంగానే ఆలస్యమవుతుంది, 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. రాత్రి పదకొండింటి వరకూ చదివి, మరో గంట ఫోన్ చూసి, ఆరింటికి లేవలేని పిల్లవాణ్ణి సోమరి అనడం సరికాదు. అలారం అతనిది, ఫోన్ మాత్రం రాత్రి హాల్లో ఉండాలి. డబ్బు విషయానికొస్తే, పదేళ్లు దాటిన పిల్లలు తామే నడుపుకునే పొదుపు ఖాతాకు రిజర్వు బ్యాంకు 2014లోనే అనుమతి ఇచ్చింది. నెల మొత్తం ఒకేసారి వేయండి. ఇరవయ్యో తారీఖుకే అయిపోతే మిగిలిన పది రోజులూ క్యారియర్ అన్నంతోనే గడుస్తాయి.

నష్టం వారం రోజుల్లో తీరేదైతే జరగనివ్వండి, ఏడాది పోయేదైతే చేయి అడ్డం పెట్టండి. పబ్లిక్ పరీక్ష రోజున హాల్ టికెట్ ఉందా అని ఒక్కసారి అడగడంలో తప్పేమీ లేదు. ఇంకొక మాట మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఎప్పుడూ బాగా తినే పిల్లవాడు తిండి మానేసినా, నిద్ర పూర్తిగా తలకిందులైనా, స్నేహితులకు దూరమైనా, బతకడం దండగ అన్న అర్థం వచ్చే మాట ఒక్కటి అన్నా, అది బాధ్యత లేకపోవడం కాదు. అప్పుడు పాఠాలు నేర్పే ప్రయత్నం ఆపి, పక్కన కూర్చుని మాట్లాడించండి, డాక్టరుకు చూపించండి. మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మొదటి నెల ఇప్పటికంటే అధ్వానంగా ఉంటుంది, అందుకు సిద్ధంగా ఉండండి. ఒక ఉదయం అబ్బాయి వెళ్లిపోయాక టేబుల్ మీద మళ్లీ ఒక రికార్డు కనిపిస్తుంది, కెమిస్ట్రీదో, ఇంకొకటో. మీ చేయి దాని మీదకు వెళ్తుంది, వీధి చివర ఆటో ఉందేమోనని కళ్లు వెతుకుతాయి. దాన్ని అక్కడే ఉండనివ్వండి. సాయంత్రం అతను మొహం మాడ్చుకుని వస్తాడు, లెక్చరర్ అందరి ముందూ నిలబెట్టి ఉంటారు. "నేను చెప్పలేదా" అన్న మాట మీ నాలుక చివరి వరకూ వస్తుంది, దాన్ని మింగేసి అన్నం పెట్టండి. రికార్డు సంగతి అతనే ఎత్తే వరకూ ఎత్తకండి. ఎత్తినప్పుడు మాత్రం, రేపు లెక్చరర్‌తో ఏం చెబుదామనుకుంటున్నావని అడిగి, జవాబు వచ్చే దాకా ఆగండి.